పోలీసులున్నారని లైటు కొడితే నేరమా? సుక్మా దారి వేస్తున్న ప్రశ్న

విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం నుండి భద్రాచలం, చింతూరుల మీదుగా సాగి, శబరి నది ఒడ్డున కోంటా వద్ద ఛత్తీస్‌గఢ్‌లోకి ప్రవేశించే 30వ నంబరు జాతీయ రహదారి తెలుగు లారీ డ్రైవర్లకు కొత్తది కాదు. అది 221వ నంబరుగా ఉన్న రోజుల నుండీ వారు దానిపై తిరుగుతున్నారు. ఎర్రబోర్, దోర్నపాల్, సుక్మా, తోంగ్‌పాల్, దర్భాలను దాటి జగదల్‌పూర్ చేరే ఈ దారిలో, దేశంలోని ఏ రహదారిపైనైనా ఉన్నట్లే, డ్రైవర్ల మధ్య మాటలు లేని ఒక భాష ఉంది. ఎదురుగా వచ్చే లారీ రెండుసార్లు లైట్లు కొట్టిందంటే ముందు ఏదో ఉందని అర్థం. ఆ ‘ఏదో’ మలుపులో ఆగిపోయిన బండి కావచ్చు. రోడ్డుపై పడుకున్న పశువుల మంద కావచ్చు. రవాణా శాఖ తనిఖీ కావచ్చు. చెట్టు చాటున స్పీడ్ గన్ పట్టుకుని నిలబడిన పోలీసు కావచ్చు. సుక్మాలోనైతే మందుపాతరల కోసం రోడ్డును వెతుక్కుంటూ నడిచే సీఆర్‌పీఎఫ్ జవాన్ల వరుస కూడా కావచ్చు.

ముందు పోలీసులున్నారని ఇలా తోటి డ్రైవర్‌ను హెచ్చరించడం నేరమా? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై ఈ ప్రశ్న అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. సుక్మాలో అడిగితే ఎవరూ నవ్వరు. ప్రశ్నలోని మాటలు రెండు చోట్లా ఒకటే అయినా, జవాబు చెప్పే చట్టాలు వేరు కావడమే అందుకు కారణం.

ముందుగా దేశమంతటికీ వర్తించే చట్టాన్ని చూడాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో వేగ పరిమితి మీరడం నేరం. 2019 సవరణ తర్వాత 183వ సెక్షన్ కింద తేలికపాటి వాహనానికి 1,000 నుండి 2,000 రూపాయలు, లారీలూ బస్సులకు 2,000 నుండి 4,000 రూపాయల జరిమానా పడుతుంది. డివైడర్ లేని మామూలు రోడ్డుపై కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం సరుకు వాహనాలకు గంటకు 60 కిలోమీటర్లు, కార్లకు 70. రాష్ట్రాలు ఇంకా తగ్గించుకోవచ్చు. ఇంత వివరంగా రాసుకున్న చట్టంలో, ముందు తనిఖీ ఉందని మరొకరికి చెప్పడాన్ని నేరంగా ప్రకటించే సెక్షన్ ఒక్కటి కూడా లేదు.

ఆ మాటకొస్తే చట్టమే ప్రభుత్వాన్ని ముందుగా హెచ్చరించమంటోంది. 2019 సవరణతో వచ్చిన 136ఎ సెక్షన్‌ను అమలు చేయడానికి కేంద్రం 2021 ఆగస్టులో మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ నిబంధనను చేర్చింది. స్పీడ్ కెమెరాలూ, స్పీడ్ గన్‌లూ దాని పరిధిలోకి వస్తాయి. వాటికి ఏటా పునరుద్ధరించే ధ్రువపత్రం ఉండాలి. ఎలక్ట్రానిక్ నిఘా ఉన్న మార్గానికి ముందే, ఇక్కడ నిఘా ఉందని తెలిపే బోర్డులను జనానికి స్పష్టంగా కనబడేటట్లు పెట్టాలి. డ్రైవర్ భయపడి వేగం తగ్గించడమే ఈ నిబంధన కోరుకునే ఫలితం తప్ప దొంగచాటుగా పట్టుకుని జరిమానా రాయడం కాదు. ప్రభుత్వం రేకు బోర్డుతో చెప్పవలసిన మాటనే ఎదురు లారీ డ్రైవర్ లైటుతో చెబుతున్నాడు. బోర్డు చట్టబద్ధం, లైటు చట్టవిరుద్ధం అనడానికి తర్కం ఎక్కడ దొరుకుతుంది? ఫోన్‌లోని గూగుల్ మ్యాప్స్ ముందు స్పీడ్ కెమెరా ఉందని చెబుతోంది. ఆ కంపెనీ మీద ఏ ఠాణా అయినా కేసు పెడుతుందా?

పోలీసుల చేతిలో మిగిలేది భారతీయ న్యాయ సంహితలోని 221వ సెక్షన్. పాత శిక్షాస్మృతిలో 186గా ఉన్నది ఇదే. ప్రభుత్వోద్యోగి విధులకు స్వచ్ఛందంగా ఆటంకం కలిగిస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే సంబంధిత అధికారి గానీ అతని పై అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఈ నేరాన్ని విచారణకు స్వీకరించరాదని నాగరిక్ సురక్షా సంహిత 215వ సెక్షన్ షరతు పెట్టింది. ఆటంకం అంటే భౌతికంగా అడ్డగించడమేనా, మరే రూపంలోనైనా సరిపోతుందా అన్న విషయంలో మన హైకోర్టులు ఎప్పుడూ ఒకే మాట మీద లేవు.

ఈ చిక్కుముడిని ఇంగ్లండు కోర్టులు నూట ఇరవై యేళ్ళ క్రితమే విప్పడం మొదలుపెట్టాయి. గంటకు 20 మైళ్ళు దాటితే నేరమైన రోజులవి. పోలీసులు రోడ్డుపై కొంత దూరం కొలిచి, స్టాప్ వాచీలు పట్టుకుని పొదల చాటున కూర్చునేవారు. క్రొయ్డన్ ప్రాంతంలో ఒక వ్యక్తి వచ్చే పోయే కార్లకు సైగ చేసి హెచ్చరించాడు. 1906లో బాస్టబుల్ కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో కోర్టు అది ఆటంకం కాదంది. హెచ్చరిక అందుకున్న కార్లు అప్పటికే పరిమితి దాటి పోతున్నాయన్న రుజువు లేదు కాబట్టి, సైగ చేసిన మనిషి అడ్డుకున్నది నేరాన్నే గానీ పోలీసులను కాదు. మూడేళ్ళ తర్వాత, 1909లో, బెట్స్ కేసులో తీర్పు తలకిందులైంది. ఆటోమొబైల్ అసోసియేషన్ గస్తీ మనిషి హెచ్చరించే సమయానికి కార్లు పరిమితి మించి పరుగెడుతున్నాయి. జరుగుతున్న నేరానికి సాక్ష్యం దొరక్కుండా చేశాడు గనుక శిక్ష పడింది. ఆ సంఘం దీనికి కనిపెట్టిన విరుగుడు తమాషా అయినది. గస్తీ మనిషి సభ్యుడి కారుకు మామూలుగా సెల్యూట్ చేస్తాడు. చేయకపోతే, కారు ఆపి ఎందుకు చేయలేదని అడగమని సభ్యులకు చెప్పారు. సెల్యూట్ చేయకపోవడాన్ని ఏ చట్టం నేరమంటుంది?

2005లో గ్లెండినింగ్ కేసులో ఇంగ్లండు హైకోర్టు మళ్ళీ ఇదే గీతను గీసింది. హెచ్చరిక అందుకున్నవారు వేగ పరిమితిని దాటుతున్నారనో, దాటబోతున్నారనో రుజువు కావాలి. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని ఎలిస్‌విల్ పట్టణంలో లైట్లు కొట్టినందుకు పోలీసులు ఆపిన మైఖేల్ ఎల్లీ అనే డ్రైవర్ రాజ్యాంగ హక్కు కింద కోర్టుకెక్కగా, 2014లో ఫెడరల్ న్యాయమూర్తి హెన్రీ ఆట్రీ అతని పక్షాన ఉత్తర్వు ఇచ్చారు. లైటు చెప్పేది నెమ్మదిగా వెళ్ళమనే కదా, అంటే చట్టాన్ని పాటించమనే కదా అన్నది ఆ ఉత్తర్వు సారం.

మన రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణలోని భావ ప్రకటనా స్వేచ్ఛ కూడా మాటకూ రాతకూ పరిమితం కాదు. దానిని 19(2)లో పేర్కొన్న కారణాల మీద, అదీ సహేతుకంగా మాత్రమే కుదించవచ్చు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు చర్చనూ, సమర్థననూ, రెచ్చగొట్టడాన్నీ వేరు చేసి, మూడవ దశ చేరినప్పుడే రాజ్యం చేయి వేయవచ్చని చెప్పింది. వేగం తగ్గించమనే సైగ నేరానికి ఎవరినీ రెచ్చగొట్టేది కాదు.

ఎదుటి వాదనలో బలం లేకపోలేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 71 శాతం మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ లెక్క కట్టింది. తనిఖీ దాటిన వెంటనే మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కే డ్రైవర్‌కు లైటు కొట్టడం ప్రజాసేవ కాదని పోలీసులు అంటే కొట్టివేయలేము. తాగి నడిపేవాడిని హెచ్చరిస్తే వాడు తాగుడు తగ్గించడు, దారి మళ్ళిస్తాడు. ఎవరినో ఎత్తుకుపోతున్న బండికి లైటు కొడితే జరిగేది మరీ ఘోరం. అందుకే ఫ్రాన్స్ 2019లో చేసిన చట్టం, మద్యం, మాదకద్రవ్యాల తనిఖీలు జరిగేచోట రెండు గంటల వరకూ, తీవ్ర నేరస్థుల వేట సాగేచోట పన్నెండు గంటల వరకూ, దారి చూపే యాప్‌లలో హెచ్చరికలను నిలిపివేయించే వీలు అధికారులకు కల్పించింది. నచ్చినా నచ్చకపోయినా, ఆ చట్టం దేనిని దాచాలో, ఎంతసేపు దాచాలో చెబుతోంది. మిగిలినదంతా పౌరుడికి వదిలేసింది.

ఇప్పుడు సుక్మాకు రావాలి.

దంతెవాడ నుండి విడదీసి 2012 జనవరిలో ఏర్పరచిన ఈ జిల్లాలో పోలీసుల కదలికల గురించిన సమాచారం జరిమానాతో పోయే విషయం కాదు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద 76 మంది జవాన్లు చనిపోయారు. 2013 మే 25న సుక్మా నుండి జగదల్‌పూర్ వెళుతున్న కాంగ్రెస్ నేతల కాన్వాయ్‌ను ఇదే రహదారిపై ఝీరం లోయలో మావోయిస్టులు చుట్టుముట్టి మహేంద్ర కర్మనూ, నందకుమార్ పటేల్‌నూ చంపారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. 2025 జూన్ 9న కోంటా, ఎర్రబోర్‌ల మధ్య మందుపాతర పేలి అదనపు ఎస్పీ ఆకాశ్ రావు గిరిపుంజే మరణించారు. జవాన్లు ఏ దారిన, ఎప్పుడు వస్తున్నారో ముందుగా తెలియకుండా ఇటువంటి దాడులు జరగవు. కనుక ఇక్కడి పోలీసు అధికారి ఎదురు బండి లైటును అనుమానంగా చూస్తే దానిని ఉత్త మొండితనం అనలేము.

సమస్య అనుమానంలో లేదు. ఆ అనుమానానికి శాసనసభ ఇచ్చిన ఆయుధంలో ఉంది. 2005 నాటి ఛత్తీస్‌గఢ్ విశేష జన సురక్షా చట్టం ‘చట్టవిరుద్ధ కార్యకలాపం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనాన్ని ఒకసారి నెమ్మదిగా చదవాలి. మాటల ద్వారా గానీ, రాతల ద్వారా గానీ, సైగల ద్వారా గానీ, కంటికి కనబడే మరే రూపంలో గానీ శాంతిభద్రతల నిర్వహణకు ఆటంకమయ్యేది మాత్రమే కాదు, ఆటంకమయ్యే ‘ధోరణి’ ఉన్నది కూడా అందులోకి వస్తుంది. చట్ట అమలుకూ, దానిని అమలు చేసే సిబ్బందికీ ఆటంకమయ్యే ధోరణి ఉన్నా వస్తుంది. శిక్ష ఏడేళ్ళ దాకా. స్పీడ్ గన్ పట్టుకున్న కానిస్టేబుల్ చట్టాన్ని అమలు చేసే సిబ్బందే. డ్రైవర్ కొట్టిన లైటు సైగే. 221వ సెక్షన్ కింద మూడు నెలలు దాటని వ్యవహారం, అక్షరాలను పట్టుకుని పోతే, ఏడేళ్ళ జైలుగా మారడానికి అడ్డేమీ లేదు. ఎవరూ అలా వాడరులే అన్నది చట్టానికి ఇచ్చే హామీ కాదు, వాడే అధికారికి ఇచ్చే కితాబు మాత్రమే.

హెచ్చరికను నేరంగా చూసే అలవాటు ఇక్కడ ఎంత దూరం పోయిందో ఇరుగు పొరుగు కేసులే చెబుతాయి. రాజస్థాన్ పత్రికకు దర్భా నుండి వార్తలు పంపే ఆదివాసీ విలేఖరి సోమారు నాగ్‌ను 2015 జులైలో అరెస్టు చేశారు. రోడ్డు పనుల క్రషర్ ప్లాంటును కొందరు తగలబెడుతుంటే అతను పోలీసులు వస్తున్నారేమోనని కాపలా కాశాడన్నది ఆరోపణ. అంటే పోలీసు వస్తే సైగ చేసే పని. ఏడాది జైలులో ఉన్నాక 2016 జులైలో జగదల్‌పూర్ కోర్టు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. బుర్కాపాల్ దాడికి సహకరించారంటూ చుట్టుపక్కల గ్రామాల నుండి తీసుకుపోయిన ఆదివాసీలలో 121 మందిని 2022 జులైలో దంతెవాడ కోర్టు నిర్దోషులని తేల్చింది. అప్పటికి వారు జైలులో గడిపినవి ఐదేళ్ళు. ఎవరు ఎవరికి ఏమి చెప్పారో రుజువు చేయలేనప్పుడు ఊరంతా చెప్పిందనడం పోలీసులకు సులువైన దారి.

రెండో వైపు నుండి కూడా ఇదే నేరానికి శిక్ష ఉంది, అది మరీ కఠినం. పోలీసులకు సమాచారం ఇచ్చాడన్న అనుమానం మీద మావోయిస్టులు చంపిన గ్రామస్థుల సంఖ్య తక్కువేమీ కాదు. ఇన్ఫార్మర్ అన్న ఒక్క మాట చాలు, వాదన లేదు, అప్పీలు లేదు. సల్వాజుడుం రోజుల నుండీ సుక్మా మనిషికి తెలిసిన రాజనీతి ఏమిటంటే, చూసినదాన్ని చూడనట్లే ఉండడం. పోలీసుల సంగతి వీరికి చెబితే అటు జైలు, వీరి సంగతి పోలీసులకు చెబితే ఇటు చావు. ఈ భయంతోనే ఎందరో కొండలు దిగి భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మైదానంలో మర్యాదగా పరిగణించే చిన్న సైగకు ఇక్కడ అంత వెల ఉంది.

లైటు వెలుగుకు నిఘంటువు లేదు. ముందు ఆవులున్నాయన్నదీ, ముందు జవాన్లు నడుస్తున్నారు జాగ్రత్త అన్నదీ, ముందు స్పీడ్ గన్ ఉందన్నదీ ఒకే రెండు మెరుపులు. ఝీరం లోయ మలుపుల్లో కాలినడకన వెళుతున్న జవాన్ల మీదికి లారీ దూసుకుపోకుండా ఆపేది కూడా ఆ మెరుపులే. సుక్మా డ్రైవర్లు భయపడి లైటు కొట్టడం మానేస్తే మొదట ప్రమాదంలో పడేది రోడ్డుపై నడిచే మనుషులు, వారిలో యూనిఫాం వేసుకున్నవారు కూడా ఉంటారు.

కనుక గీత గీయవలసిన చోటు బాస్టబుల్ కేసు చూపినదే, సుక్మాలోనూ. దాడికి మాటు వేసినవారికి జవాన్ల రాకను తెలిసి తెలిసి చేరవేసినవాడు ఆ దాడిలో భాగస్వామి. అతన్ని శిక్షించడానికి కుట్రకూ, ప్రేరేపణకూ సంబంధించిన మామూలు సెక్షన్లున్నాయి, ఉపా చట్టం ఉంది, విశేష చట్టం అక్కరలేదు. ఎదురుగా వచ్చే అపరిచితుడికి వేగం తగ్గించమని సైగ చేసినవాడు నేరస్థుడు కాడు. ఈ ఇద్దరినీ వేరుచేసేది వారికి తెలిసినదేమిటి, వారు కోరినదేమిటి అన్నది. దానిని రుజువు చేసే బరువు ప్రాసిక్యూషన్‌ది. ‘ధోరణి’ అనే మాట ఆ బరువును దించి డ్రైవర్ నెత్తిన పెడుతోంది. అందుకే ఆ మాట పోవాలి.

పోలీసుల మీద నమ్మకం పెట్టమని డ్రైవర్లకు చెప్పేవారు ఇదే రోడ్డుపై 2024 ఆగస్టులో జరిగినది గుర్తుంచుకోవాలి. కోంటా వద్ద ఇసుక అక్రమ రవాణాను రాయడానికి వెళ్ళిన బస్తర్ విలేఖరుల కారులో గంజాయి దొరికిందని చింతూరు పోలీసులు వారిని జైలుకు పంపారు. గంజాయిని పెట్టించారన్న ఆరోపణ వచ్చాక కోంటా ఠాణా అధికారిని సస్పెండ్ చేసి కేసు పెట్టక తప్పలేదు. లారీ డ్రైవర్లు ఒకరినొకరు హెచ్చరించుకునేది ఒక్క వేగ పరిమితి గురించే కాదని దీనితో అర్థమవుతుంది.

డ్రైవర్లకు కూడా తెలియవలసినవి కొన్ని ఉన్నాయి. యూనిఫాంలో ఉన్న అధికారి అడిగితే లైసెన్సు చూపవలసిందే. ఎదుటివాడి కళ్ళు బైర్లు కమ్మేలా లైటు కొట్టి ప్రమాదం తెస్తే హెచ్చరించే హక్కు కాపాడదు. స్టీరింగు ఒక చేత, ఫోను ఒక చేత పట్టుకుని డ్రైవర్ల వాట్సప్ గ్రూపులో ‘దోర్నపాల్ దగ్గర చెకింగ్’ అని పెడితే 184వ సెక్షన్ కింద నేరమే. అక్కడ తప్పు చెప్పిన కబురు కాదు, చేతిలోని ఫోను.

2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని తుదముట్టిస్తామని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టారు. సుక్మా జిల్లా పువర్తి గ్రామానికి చెందిన మావోయిస్టు నాయకుడు హిడ్మా 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో చనిపోయారు. దోర్నపాల్ నుండి జగర్‌గుండకు రోడ్డు పడింది. యుద్ధం ముగిసిందని ప్రభుత్వమే చెబుతున్నప్పుడు యుద్ధం కోసం చేసిన చట్టం ఏ పని మీద మిగిలి ఉండాలి? రోడ్లు వచ్చాక బండ్లు వస్తాయి, బండ్లతో వేగం వస్తుంది, వేగం వెంట స్పీడ్ గన్ వస్తుంది. 167ఎ చెప్పినట్లు సుక్మా రోడ్లపై ముందస్తు హెచ్చరిక బోర్డులు నిలబెట్టి, సైగను నేరం చేసిన నిర్వచనాన్ని తొలగించవలసిన సమయం ఇది.

జరుగుతున్నది దానికి విరుద్ధంగా ఉంది. ఛత్తీస్‌గఢ్ చట్టాన్ని తొలగించే మాట వినిపించడం లేదు సరికదా, 2025 జులైలో మహారాష్ట్ర శాసనసభ అదే అచ్చులో పోసిన ప్రత్యేక ప్రజా భద్రతా బిల్లును ఆమోదించింది. సైగలూ, ధోరణులూ అందులోకీ నడిచి వచ్చాయి. తెలుగు మాట్లాడే సిరొంచా, గోదావరికి ఆవలి ఒడ్డున, ఆ రాష్ట్రంలోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లోనే వచ్చిన ప్రజా భద్రతా చట్టం ఈ తరహా చట్టాలకు పెద్దన్న. కోంటా దాటి చింతూరులోకి వచ్చిన డ్రైవర్ రాష్ట్రం మారాడు గానీ, లైటు కొట్టే చేతి మీద వేలాడే కత్తి మారలేదు.